మామగారి ఫోటోలోని బెంజికారు

కడపలో మా అత్తగారింటి హాలు గోడకు ఒక ఫోటో వేలాడుతూ ఉంటుంది. 1984లో కువైట్ నుంచి తపాలాలో వచ్చిన రంగుల ఫోటో. తెల్లటి మెర్సిడెస్ బెంజికి ఆనుకొని మా మామగారు నిలబడి ఉంటారు. ఆ కారు ఆయనది కాదు, ఆయన డ్రైవరుగా ఉన్న కఫీలుది. అయినా ఫోటో వచ్చిన రోజు వీధిలోని వాళ్లంతా వచ్చి చూసి పోయారని అత్తగారు ఇప్పటికీ చెబుతుంటారు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. మామగారు వేలాదిమందితో కలిసి ఎడారి దాటి జోర్డాన్ చేరి, మన ప్రభుత్వం నడిపిన విమానంలో అమ్మాన్ నుంచి బొంబాయిలో దిగారు. చేతిలో ఒక సంచి. జేబులో పొరపాటున మిగిలిపోయిన కారు తాళంచెవి.

ఆ తాళంచెవి చూసి పెరిగినవాడు మా బావమరిది. తానూ కువైట్ వెళ్లి ఇరవై ఏళ్లకు పైగా కష్టపడి నిరుడు తిరిగొచ్చాడు. వచ్చీరాగానే, "దూల్హాభాయ్, అబ్బా నడిపిన బండే కొనాలి. హైదరాబాదులో ఉందంట" అన్నాడు. ఇంటిపైన మిద్దె వేయడానికి దాచిన డబ్బు అది. మా ఇంటావిడ నా వంక చూసింది. తమ్ముణ్ణి ఆపమని ఆ చూపు. ఆపగలిగే వయసు వాడిది కాదు. "సరే, నేనూ వస్తాను. కానీ నేను చెప్పేదాకా డబ్బు తీయవద్దు" అన్నాను. అప్పటికే ఫోటోలు చూసి ఇరవై వేలు బయానా పంపేశాడని బస్సెక్కిన తరువాత చెప్పాడు.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మనవాళ్లలో ఇలాంటి కోరిక మరో ఇద్దరు ముగ్గురిలో కూడా నేను చూశాను. కాబట్టి మేము తెలుసుకున్నది నలుగురికీ పనికొస్తుందని రాస్తున్నాను. నేను మెకానిక్కును కాను, పిల్లలకు పాఠం చెప్పుకొనేవాణ్ణి. బండి సంగతులన్నీ మాతో వచ్చిన ఉస్తాద్ చెప్పినవి. షార్జాలో పదిహేనేళ్లు బెంజి కార్లకే రెంచి పట్టిన పెద్దమనిషి ఆయన. ఆ పూటకు రెండు వేలు తీసుకున్నారు. మా బావమరిది ఆ బండి మీద పెట్టిన ఖర్చులన్నిటిలో అంత చవకైనది మరొకటి లేదు.

ముందు ఈ కారు ఏమిటో చెప్పాలి. కంపెనీ లెక్కలో దీని పేరు 123. 1976 జనవరిలో జర్మనీలో విడుదలైంది, 1986 మొదటిదాకా తయారైంది. అన్ని రకాలూ కలిపి సుమారు 27 లక్షల బళ్లు బయటికొచ్చాయి. మామగారు నడిపినది 240డి, అంటే 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్. మొదట్లో దాని బలం 65 గుర్రాలు, 1978 నుంచి 72. అంత బరువు బండికి అది చాలా తక్కువ. గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 20 సెకన్లు దాటుతుంది. జర్మనీలో ఇది టాక్సీ స్టాండుల్లో కనిపించిన బండి. గల్ఫులో, మన దేశంలో షేకులకూ సేట్లకూ దర్జా అయింది. ఒకే వస్తువు ఒకచోట కూలి, ఒకచోట దొర.

మన దేశంలో బెంజికార్లను పుణెలో బిగించడం మొదలైంది 1995లో. అది కూడా దీని తరువాతి మోడల్, 124. కనుక ఇక్కడ కనిపించే ప్రతి 123 బండీ ఓడలో వచ్చినదే. విదేశాల నుంచి కాపురం మార్చుకొని వచ్చినవారు తెచ్చుకున్నవి కొన్ని, రాయబార కార్యాలయాలు వాడి అమ్మేసినవి కొన్ని. ఈ విషయం గుర్తుంచుకోండి, కాగితాల దగ్గర మళ్లీ వస్తుంది.

హైదరాబాదు వెళ్లినవారు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దాన్ని తెప్పించుకోబోయి, అది రాకముందే 1911లో కన్నుమూశారు. అలాంటి బండిని సాకడానికి ఒక రాజ్యం ఉండేది. మన ఇంటిముందు నిలిచే పాత బెంజిని సాకవలసింది మన సంపాదన.

మొదటి బండి మలక్‌పేట వైపు ఒక షెడ్డులో ఉంది. తెల్లటి రంగు, అద్దంలా మెరుస్తోంది. దలారి ఏడు లక్షలు చెప్పాడు. మా బావమరిది కళ్లలో నీళ్లు తిరిగాయి. అచ్చం ఫోటోలోని బండే! దలారి తాళం తిప్పాడు. ఇంజిను ఒక్క దెబ్బకు అందుకుంది. "చూశారా సాబ్, నలభై ఏళ్ల బండి! గ్రీసులో ఇదే 240డి ఒక టాక్సీవాడు 46 లక్షల కిలోమీటర్లు నడిపాడు. ఇప్పుడు కంపెనీ మ్యూజియంలో పెట్టారు" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. గ్రిగోరియోస్ సాచినిడిస్ అనే ఆ గ్రీకు డ్రైవరు 2004లో తన బండిని కంపెనీకి అప్పగించాడు. కానీ అది 123 కాదు, అంతకు ముందరి మోడల్. ఒకే ఇంజినుతో అంత దూరం తిరిగిందీ కాదు. పైగా, అతను బండిని చూసుకున్నట్టు ఈ షెడ్డులోని బండిని ఎవరు చూసుకున్నారో చెప్పేవారు ఎవరూ లేరు.

ఉస్తాద్ ఏమీ మాట్లాడకుండా బానెట్ మీద అరచెయ్యి పెట్టారు. వెచ్చగా ఉంది. "మేము రాకముందే ఎంతసేపు ఆడించావు బేటా?" అని అడిగారు. దలారి నవ్వి ఊరుకున్నాడు.

వేడి ఇంజిను ఏ ముసలి డీజిలైనా అందుకుంటుంది. ఈ ఇంజిన్లలో ప్రతి సిలిండరుకు ఒక గ్లో ప్లగ్గు ఉంటుంది. తాళం సగం తిప్పితే డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. ప్లగ్గులు కాలి గది వేడెక్కాక దీపం ఆరిపోతుంది, అప్పుడు స్టార్టు చేయాలి. రాత్రంతా చల్లబడిన ఇంజినులో ప్లగ్గులు చచ్చి ఉన్నా, సిలిండర్లలో ఒత్తిడి తగ్గినా తెల్లవారగానే బయటపడుతుంది. ఎంత తిప్పినా అందుకోదు, అందుకున్నా ఒణుకుతూ తెల్లటి పొగ వదులుతుంది. ఆ నిజం బయటపడకుండా ముందే వేడి చేసి పెట్టడం దలారుల అలవాటు.

ఇది వింటూ ఉంటే నాకు మదరసా రోజులు గుర్తొచ్చాయి. పాలిచ్చే పశువును అమ్మేముందు రెండు మూడు రోజులు పాలు పితకకుండా వదిలేసి, పొదుగు నిండుగా కనిపించేలా చేసే మోసాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. సంతలో ఆ గేదె, షెడ్డులో ఈ బెంజి. అందువల్ల కొనేవారు ముందురోజే అమ్మేవారికి కబురు చేయాలి: ఉదయం వస్తాము, మేము వచ్చేదాకా స్టార్టు చేయవద్దు అని. వెళ్లగానే తాళం అడగకుండా బానెట్ తాకి చూడాలి. వెచ్చగా ఉంటే టీ తాగి మరో రోజు రావాలి.

ఉస్తాద్ ఇంజినును అలాగే ఆడనిచ్చి, ఆయిల్ పోసే మూత విప్పి, బిగించకుండా ఆ రంధ్రం మీదే పెట్టారు. మూత కొద్దిగా కదులుతూ అక్కడే ఉంటే మంచిదట. తటతటా ఎగిరి పక్కకు పడిపోతే పిస్టన్ రింగులు అరిగి, సిలిండరులోని గాలి కిందికి దిగుతోందని అర్థం. ఈ బండి మూత ఎగిరి పడింది. తరువాత తాళం తీసేశారు. ఇంజిను ఆగలేదు! మరో నాలుగైదు సెకన్లు ఆడి, దగ్గి, ఆగింది. ఈ డీజిలును ఆపేది కరెంటు కాదు, వాక్యూం. సన్నటి గొట్టాల్లో గాలి లేకుండా పీల్చిపెట్టి, ఆ బలంతో ఇంజిను ఆపడం, నాలుగు తలుపుల తాళాలు ఒక్కసారే వేయడం, తీయడం జరుగుతాయి. ఎక్కడో ఒక రబ్బరు పగిలితే ఇవన్నీ మొండికేస్తాయి. రబ్బరు ఖరీదు కొంచెమే. అది ఎక్కడ పగిలిందో వెతకడానికే మెకానిక్కు రెండు రోజులు పడతాడు.

ఇంతవరకూ బాగుచేసుకోదగిన లోపాలే. అసలు కథ రంగు కింద ఉంది. ఉస్తాద్ జేబులోంచి మెత్తటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం తీశారు. తలుపు మీద అంటుకుంది. వెనక చక్రం పైన ఉన్న వంపు మీద పెడితే జారిపోయింది. ముందు రెక్క కింది అంచున కూడా అంతే. అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. మనం గోడలకు లప్పం పెట్టి సున్నం వేసినట్టే, తుప్పు తిన్న చోట లప్పం మెత్తి తెల్లరంగు కొట్టారు.

తరువాత ఆయన డ్రైవరు కాళ్ల కింది తివాచీ లేపమన్నారు. దలారికి ఇష్టం లేదు. "సాబ్, కంపెనీ కార్పెట్, చినిగిపోతుంది" అన్నాడు. లేపితే కింద తారు పూసిన రేకు ముక్క. కాలితో నొక్కితే లోపలికి వంగింది. ముందు అద్దం కింద వాన నీళ్లు పోవడానికి సన్నటి దారులు ఉంటాయి. ఆకులు పడి అవి మూసుకుపోతే నీళ్లు కాళ్ల కిందికి చేరి, తివాచీ కింద ఏళ్ల తరబడి నిలిచి రేకును తినేస్తాయి. డిక్కీలో స్టెప్నీ ఉండే గుంట, బ్యాటరీ కింది పళ్లెం, కింద అంచుల్లో జాకీ దూర్చే నాలుగు రంధ్రాలు కూడా తప్పకుండా చూడాలి. ఈ బండికి జాకీ రంధ్రాల్లో ఒకటి పూర్తిగా లప్పంతో మూసేసి ఉంది. పంక్చరైతే ఆ పక్క లేపడానికి వీల్లేదన్నమాట.

ఖుదూరీలో అమ్మకాల అధ్యాయం చదివేటప్పుడు మా ఉస్తాద్ (నా మదరసా ఉస్తాద్) చెప్పిన ఒక మస్అలా ఉంది. స్వారీ జంతువును కొనేవాడు దాని ముఖం, వెనక భాగం చూస్తే చూసినట్టే. ఇంటి ముంగిలి చూస్తే గదులు చూడకపోయినా ఇల్లు చూసినట్టే. ఇమాం జుఫర్ మాత్రం ఒప్పుకోలేదు, గదుల్లోకి వెళ్లి చూడవలసిందేనన్నారు. ఇళ్ల కట్టడాలు ఒకదానికొకటి పోలకుండా మారిపోయాక తరువాతి ఫకీహులు ఆయన మాటకే మొగ్గారు. అప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టాను. మలక్‌పేట షెడ్డులో చేతులు నేలకానించి కారు కిందికి తొంగిచూస్తున్నప్పుడు ఇమాం జుఫర్ నాకు బాగా అర్థమయ్యారు.

చివరిగా కాగితాలు. నేను ఆర్‌సీ పట్టుకొని అంకెలు చదువుతుంటే ఉస్తాద్ బానెట్ కింద, ఇంజిను వెనక గోడ మీద చెక్కిన ఛాసిస్ నంబరు చదివారు. నంబరులో 123123 అని ఉంటే 240డి, 123130 అని ఉంటే 300డి. ఆ వెంటనే వచ్చే అంకె 1 అయితే ఎడమ స్టీరింగు, 2 అయితే కుడి స్టీరింగు. ఇక్కడ 1 ఉంది. బండికేమో స్టీరింగు కుడివైపు! అంటే గల్ఫు నుంచో మరోచోటి నుంచో ఎడమ స్టీరింగుతో వచ్చిన బండిని ఇక్కడ ఎవరో కోసి అటుదిటు మార్చారు. నిజానికి ఎడమ స్టీరింగు బండి నడపడం మన దేశంలో పూర్తిగా నిషేధం కాదు. సిగ్నల్ ఇచ్చే పరికరం పనిచేస్తూ ఉండాలని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతుంది. ఎవరి చేతిపనో తెలియని ఈ మార్పిడి అంతకంటే ప్రమాదం. మలుపులో ఆ అతుకు ఊడితే బండిలో ఉన్నది మన పిల్లలు.

దలారి అప్పటికీ తగ్గలేదు. ఆరున్నరకు దిగాడు, స్టాంపు కాగితం తీశాడు. అందులో 'ఉన్నది ఉన్నట్టుగా, ఏ లోపానికీ అమ్మినవారికి బాధ్యత లేదు' అని ఒక వాక్యం. చదువరులు ఈ వాక్యాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సరుకు మంచిచెడ్డలు కొనేవాడే చూసుకోవాలన్నది 1930 నాటి మన సరుకుల విక్రయ చట్టంలో మూల సూత్రం, మినహాయింపులు కొన్నే. మన హనఫీ ఫిఖ్‌హ్‌లో కూడా ఐబు బయటపడితే వస్తువు తిరిగిచ్చే హక్కు కొన్నవాడికి ఉంది గాని, అన్ని ఐబుల నుంచీ నేను విముక్తుణ్ణి అని అమ్మేవాడు షరతు పెట్టగా ఇతను ఒప్పుకుంటే ఆ హక్కు పోతుంది. తెలిసీ దాచినవాడి పాపం వేరే సంగతి, అది అల్లాహ్ దగ్గర. డబ్బు మాత్రం వెనక్కి రాదు.

మేము సంతకం చేయలేదు. బయానాలో పదివేలే వెనక్కి వచ్చాయి. మిగతాది 'రివాజు' అన్నాడు దలారి. బయానా మింగేయడం మన హనఫీ ఫకీహుల దృష్టిలో చెల్లదని చెప్పాను. "మౌల్వీసాబ్, ఆ మాట మసీదులో చెప్పండి" అన్నాడు. బస్టాండు దాకా మా బావమరిది ఒక్క మాట మాట్లాడలేదు.

రెండో బండి ఉస్తాద్ ద్వారానే తెలిసింది. నెల తరువాత మళ్లీ వెళ్లాము. రిటైరైన ఒక డాక్టరుగారి ఇల్లు. 1982 బండి, వెలిసిపోయిన లేత ఆకుపచ్చ. అక్కడక్కడా రంగు పెచ్చులూడి ఉంది. ఉదయం ఏడు గంటలు. బానెట్ చల్లగా ఉంది, మంచు తడి కూడా ఆరలేదు. డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి, మేమడగకముందే మొదలుపెట్టారు: "ఎడమవైపు ముందు నేల తుప్పు పట్టింది, నేనే చూపిస్తాను. ఏసీ పదేళ్లుగా లేదు. కిలోమీటర్ల మీటరు ఎప్పుడో ఆగిపోయింది, దాన్ని నమ్మవద్దు." ఆ మీటరు ఈ మోడల్లో తరచూ ఆగేదేనట. కిలోమీటర్లకు మీటరు కన్నా పెడల్ రబ్బరు, స్టీరింగు పట్టు, డ్రైవరు సీటు స్ప్రింగులు మంచి సాక్షులు. సీటు గుడ్డను చూసి మోసపోకూడదు. తోలులా కనిపించే ఆ రెక్సిను నలభై ఏళ్లయినా చెక్కుచెదరదు.

ఆయన ఒక నోటుపుస్తకం తెచ్చారు. ఉర్దూలో, చిన్న అక్షరాల్లో, తారీఖులతో. ఆయిల్ మార్చినది, వాల్వులు సరిచేయించినది, రేడియేటరు కడిగించినది. ఈ ఇంజినులో వాల్వుల సందు అప్పుడప్పుడు కొలిచి సరిచేయించాలి. సరిచేయించకపోతే బండి నెమ్మదిగా బలం కోల్పోతుంది, నడిపేవాడికి తెలియనే తెలియదు. ఆ పుస్తకంలో పేజీలు తిప్పుతూ ఉస్తాద్ మొదటిసారి నవ్వారు.

దీపం వెలిగి ఆరింది. ఇంజిను రెండుసార్లు తడబడి అందుకుంది. కొంచెం పొగ, నిమిషంలో పోయింది. నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోందని, వేడెక్కాక కూడా నల్లపొగ వస్తే గాలి ఫిల్టరో డీజిల్ పంపో చూడాలని ఉస్తాద్ చెప్పారు. మూత రంధ్రం మీద వణికింది గాని పడలేదు. రోడ్డు మీద అరగంట తిప్పాము. ఆయిల్ ఒత్తిడి చూపే ముల్లు 3 దాకా ఉంటుంది. వేడి బండి నిలబడినప్పుడు అది కిందికి దిగినా పర్వాలేదు, కాలు నొక్కగానే 3కి లేవాలి. లేచింది. ఛాసిస్ నంబరులో ఏడో అంకె 2.

ఆర్‌సీకి ఇంకా మూడేళ్ల గడువు ఉంది. సొంత కారు రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్లు, తరువాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. ఇక్కడే ఓడలో వచ్చిన బండి సంగతి మళ్లీ వస్తుంది. దిగుమతి కారుకు ఈ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 40,000 రూపాయలు. 2025 ఆగస్టు సవరణతో 20 ఏళ్లు దాటిన దిగుమతి కారుకు 80,000. తెలంగాణ బండి కడపకు వస్తోంది కనుక అక్కడి ఆర్‌టీఓ నుంచి నిరభ్యంతర పత్రం, ఇక్కడ కొత్త నంబరు, మళ్లీ పన్ను. 2021లో వచ్చిన వింటేజి నిబంధనల కింద 50 ఏళ్లు దాటిన బండిని 20,000 రూపాయలతో నమోదు చేసుకోవచ్చు గాని, దాన్ని రోజువారీ తిప్పకూడదు. పైగా 1982 బండికి 50 నిండేది 2032లో. ఈ లెక్కంతా నేను ఒక కాగితం మీద వేసి మా బావమరిది చేతికిచ్చాను. డాక్టరుగారు అడిగినది మూడు లక్షల అరవై వేలు. నేల రేకు, టైర్లు, పన్ను, రాబోయే పొడిగింపు కలిపితే దాదాపు మరో అంత.

అతను ఆ కాగితం చాలాసేపు చూశాడు. "దూల్హాభాయ్, మిద్దె ఒక ఏడాది ఆగుతుందా?" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను కాదు, మీ అక్కను అడగమన్నాను. అక్కడి నుంచే ఫోను చేశాడు. మా ఇంటావిడ కాసేపు ఏమీ అనలేదట. తరువాత, "నేల పాడైందని ఆయనే చెప్పారా?" అని అడిగిందట. చెప్పారన్నాడు. "అయితే తీసుకో" అంది.

నేల రేకు కోసి కొత్తది అతికించడానికి కడపలో ఆరు వారాలు పట్టింది. జాకీ రంధ్రాలు నాలుగూ గట్టిగానే ఉన్నాయి. బండి ఇంటిముందుకు వచ్చిన రోజు అత్తగారు బయటికొచ్చి చుట్టూ తిరిగి చూశారు. "ఇది తెల్లగా లేదేం బేటా?" అన్నారు. రంగు మారిస్తే ఆర్‌సీలోనూ మార్పించుకోవాలి, దానికి మళ్లీ ఆర్‌టీఓ ఆఫీసు చుట్టూ తిరగాలి. అందుకని బండి ఇంకా ఆకుపచ్చగానే ఉంది. మామగారి పాత తాళంచెవి దాని కొత్త తాళాల గుత్తికి వేలాడుతోంది. ఏ తలుపునూ తీయదు.